ఇరవై ఏళ్ల పొలం: మాయా రైతుల అడవి సేద్యం

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకొచ్చి కింద కూర్చోవచ్చు, చోటుంది.

ఈరోజు మాట్లాడబోయే అడవి మనకు చాలా దూరం. మ్యాప్ మీద దూరమే కానీ, దాని చెట్లు మన పెరళ్లలోకి ఎప్పుడో వచ్చేశాయి. సపోటా పుట్టింది ఆ అడవిలోనే, దక్షిణ మెక్సికో, గ్వాటెమాలా, బెలీజ్ ప్రాంతంలో. బొప్పాయి కూడా అటువైపుదే. మొక్కజొన్న, మిరప మెక్సికో నేల మీద సాగులోకి వచ్చిన పంటలు. స్పెయిన్, పోర్చుగల్ వాళ్ల ఓడలెక్కి ఇవన్నీ ఆసియాకు చేరాయి. పంటలు వచ్చాయి గానీ వాటిని పండించే పద్ధతి మాత్రం వాటితో రాలేదు. ఆ పద్ధతి గురించే ఈ ప్రసంగం.

మాయా అనగానే మనకు గుర్తొచ్చేది అడవి మధ్యలో శిథిలమైన పిరమిడ్లు, మాయమైపోయిన ఒక నాగరికత. మాయమైంది నగరాలే, మనుషులు కాదు. ఇవాళ మాయా కుటుంబానికి చెందిన దాదాపు ముప్ఫై భాషలు మాట్లాడేవాళ్లు యాభై లక్షలకు పైగా ఉన్నారు. మెక్సికోలోని యుకటాన్ ద్వీపకల్పంలో, చియాపస్ రాష్ట్రంలో, గ్వాటెమాలా కొండల్లో, బెలీజ్ దక్షిణాన ఇప్పటికీ మొక్కజొన్న వేస్తున్నారు. వీళ్ల గురించి చాలాకాలం చలామణి అయిన కథ ఏమిటంటే: జనాభా పెరిగింది, అడవిని నరికి తగలబెట్టారు, నేల సారం పోయింది, నగరాలు కూలిపోయాయి. ఎవరికైనా బుద్ధి చెప్పాలనుకున్నప్పుడు పనికొచ్చే కథ. అయితే దీంట్లో ఒక చిక్కు ఉంది. అడవిని నాశనం చేసే పద్ధతే అయితే, కనీసం మూడు నాలుగు వేల ఏళ్లుగా సేద్యం జరుగుతున్న చోట అమెరికా ఖండాల్లో అమెజాన్ తర్వాత చెప్పుకోదగ్గ ఉష్ణమండల అడవి ఇంకా ఎలా నిలిచింది?

నా జవాబు ముందే చెప్పేస్తాను. వాళ్లకు పొలం, అడవి అని రెండు లేవు. ఒకే భూమికి వేర్వేరు వయసులు అవి. ఆ వయసు తిరగడానికి కావలసిన ఏళ్లు చేతిలో ఉన్నంతకాలం పద్ధతి నిలుస్తుంది. ఏళ్లు తగ్గిస్తే అదే రైతు, అదే కత్తి, అదే నిప్పు అడవిని తినేస్తాయి.

ముందు నేల సంగతి. యుకటాన్ అంతా సున్నపురాయి పలక. ఉత్తరభాగంలో నేల మీద నది అన్నదే లేదు. వాన నీరంతా రాయిలోకి ఇంకిపోతుంది. పైకప్పు కూలిన చోట సెనోటేలని పెద్ద పెద్ద నీటి గుంటలు కనిపిస్తాయి, అవే ఆధారం. రాయి మీద మట్టి చాలాచోట్ల జానెడు కూడా ఉండదు. ఉన్న ఆ కాస్త మట్టి మాత్రం నల్లగా, సారవంతంగా ఉంటుంది. నాగలి దించే మాటే లేదు. దించితే రాయి తగులుతుంది. పైగా స్పెయిన్ వాళ్లు వచ్చేదాకా అక్కడ ఎద్దులూ లేవు, గుర్రాలూ లేవు. యుకటాన్ రైతు తన పొలంలోనే అడుగడుగుకూ మట్టి పేరు మార్చి చెబుతాడు. రాళ్ల సందుల్లోని నల్లమట్టి బోష్ లూమ్, పల్లాల్లోని ఎర్రమట్టి కాన్‌కాబ్, ఉత్త రాతినేల త్సెకెల్. ఏ మట్టి దగ్గర ఏ విత్తనం పెట్టాలో దాన్నిబట్టే తేలుతుంది. అందుకని ఒకే పొలంలో పంట అచ్చు గీసినట్టు వరుసల్లో ఉండదు. మన వ్యవసాయ అధికారి ఎవరైనా చూస్తే గందరగోళం అనుకుంటాడు.

పొలాన్ని స్పానిష్‌లో మిల్పా అంటారు, యుకటాన్ మాయా భాషలో కోల్. పని మొదలయ్యేది నరకడంతోనే, అందులో అనుమానం లేదు. పొదల్నీ చిన్న చెట్లనీ మోకాలి ఎత్తున, నడుం ఎత్తున మోడుగా వదిలి కొడతారు. వేరు పీకరు. ఆ మోడు మళ్లీ చిగురు వేయాలి, అడవి తిరిగి రావడానికి అదే మొదటి మెట్టు. సపోటా, రామోన్ లాంటి పనికొచ్చే పెద్ద చెట్లను, తాటాకులాగా ఇళ్ల కప్పుకు వాడే ఈత జాతి చెట్లను ముట్టుకోరు. పొలం చుట్టూ కొంత అడవిని కట్టలాగా వదులుతారు. నరికినదంతా ఎండాకాలంలో ఎండుతుంది. ఏప్రిల్, మే నెలల్లో, తొలకరికి కాస్త ముందు నిప్పు పెడతారు.

నిప్పు దగ్గర నేను కాసేపు ఆగాలి, ఎందుకంటే బయటివాళ్లు చూసేది ఆ ఒక్కరోజునే. ఫొటోకు దొరికేదీ అదే, శాటిలైట్‌లో ఎర్రచుక్కగా పడేదీ అదే. ముందు పొలం చుట్టూ నిప్పు దాటకుండా వెడల్పాటి దారి శుభ్రం చేస్తారు. గాలి ఎటు వీస్తోందో తెలిసిన పెద్దవాళ్లు లేకుండా అంటించరు. పక్క అడవికి నిప్పు పాకితే ఊళ్లో తలెత్తుకోలేరు, ఆ రోజు ఇంటిల్లిపాదికీ టెన్షనే. త్వరగా సాగిపోయే మంట కావాలి వాళ్లకు. ఆకు, కొమ్మ బూడిదవుతాయి, దుంగలు సగం కాలి బొగ్గుగా మిగులుతాయి, మోడు చావదు. బూడిదతో భాస్వరం, పొటాష్ లాంటివి ఒక్కసారిగా మొలకకు అందుతాయి, కలుపు గింజలు, పురుగులు కొంత తగ్గుతాయి. బొగ్గు మట్టిలో కలిసి ఏళ్ల తరబడి ఉంటుంది. పొగ రాదా అంటే వస్తుంది. మే నెలలో ఆ ప్రాంతపు ఊళ్లల్లో పొగ బాధ నిజం. నత్రజని చాలావరకు గాల్లో కలిసిపోతుంది కూడా. ఆ నష్టాన్ని పూడ్చే పని తర్వాత చిక్కుడు జాతి తీగలూ, ఆ పైన వచ్చే చెట్లూ చేయాలి.

వాన పడగానే విత్తడం. దియేగో దె లాండా అని ఒక ఫ్రాన్సిస్కన్ పాద్రి ఉండేవాడు. 1562లో మానీ అనే ఊళ్లో మాయా గ్రంథాలను తగలబెట్టించిన మనిషి, తర్వాత బిషప్ అయ్యాడు. అతనే కొన్నేళ్ల తర్వాత యుకటాన్ జీవితం గురించి వివరంగా రాసిపెట్టాడు. మనకు తెలిసిన చాలా సంగతులకు ఇవాళ అతనే ఆధారం కావడం చరిత్ర చేసిన వెటకారం. భుజాన చిన్న సంచి, చేతిలో మొన ఉన్న కర్ర, కర్రతో పొడిచి అయిదారు గింజలు వేసి అదే కర్రతో మట్టి కప్పడం, ఇదీ అతను చూసింది. ఒకచోట పోయినా ఇంకోచోట దక్కుతుందని పలుచోట్ల విత్తుతారని కూడా రాశాడు. నాలుగున్నర శతాబ్దాలు దాటినా విత్తే తీరు పెద్దగా మారలేదు.

మొక్కజొన్న కాడ నిలబడుతుంది, చిక్కుడు తీగ దానికి ఎగబాకుతుంది, గుమ్మడి కింద పరచుకుని నేలకు నీడపట్టి కలుపును అణిచేస్తుంది. ఈ ముగ్గురి జట్టు గురించి మీలో చాలామంది వినే ఉంటారు, కాబట్టి సాగదీయను. ఎక్కువమంది చెప్పనిది, ఆ మూడింటి సందుల్లో ఉండేవి. మిరప, టమాటా, కర్రపెండలం, చిలగడదుంప, బొప్పాయి, పత్తి. పదుల రకాలు. మొక్కజొన్నలోనే త్వరగా వచ్చేది నాల్ తేల్, పొత్తు చిన్నది కానీ రెండు రెండున్నర నెలల్లో చేతికొస్తుంది. ఆలస్యంగా వచ్చి ఎక్కువ దిగుబడి ఇచ్చేది శ్నూక్ నాల్. రెండూ వేస్తారు. తొలకరి మోసం చేస్తే ఒకటి, బాగా కురిస్తే ఇంకొకటి.

కోతకు ముందు ఇంకో పని ఉంది. కంకి ముదిరాక కాడను పొత్తు కిందుగా విరిచి వంచుతారు. పొత్తు తలకిందులుగా వేలాడుతుంది. వాన నీరు లోపలికి దిగదు, పక్షులకు ఒలుచుకోవడం కష్టం. పొత్తు పొలంలోనే, పొట్టులోనే నెలల తరబడి ఎండుతూ ఉంటుంది. కావలసినప్పుడు కోసుకు తెచ్చుకోవడమే. గాదె కట్టే ఖర్చు తప్పింది, చీడకు పొట్టే అడ్డం.

దిగుబడి ఎంత? హెక్టారుకు ఒక టన్ను, అటూ ఇటూ. మన దగ్గర హైబ్రిడ్ మొక్కజొన్న వేసే రైతు నవ్వుతాడు. నవ్వొచ్చు, కానీ లెక్కలో ఆయన ఎరువుల బస్తాలు, మోటారు, కరెంటు కూడా వేయాలి. అటువైపు గుమ్మడి గింజలు, చిక్కుళ్లు, దుంపలు, పొలానికి వచ్చే జింకల వేట కూడా వేయాలి. పైగా ఆ లెక్క రెండు మూడేళ్లకు పరిమితం. ఆ తర్వాతి పదిహేను ఇరవై ఏళ్లలో అదే నేల ఇచ్చేది వేరే ఉంది.

రెండో ఏడు, మూడో ఏడు వచ్చేసరికి దిగుబడి తగ్గుతుంది. సారం అయిపోవడం ఒక కారణం, కలుపు విపరీతంగా పెరగడం అంతకంటే పెద్ద కారణం. అప్పుడు మొక్కజొన్న ఇంకో చోటికి కదులుతుంది. బయటి రచయితలంతా ఈ దశను 'బీడు పెట్టడం', 'వదిలేయడం' అన్నారు. రైతు మాత్రం వదిలేయడు. చివరి మొక్కజొన్న నిలిచి ఉండగానే అరటి, బొప్పాయి, అవకాడో మొక్కలు పెడతాడు. మొలిచినవాటిలో ఏది ఉంచాలో, ఏది కొట్టాలో చూస్తూ ఉంటాడు. ఈ చిన్న అడవిని యుకటాన్‌లో హుబ్చే అంటారు. కట్టెలు, తేనె, మందాకులు, వేట, పండ్లు దాంట్లోనే. సాగు ఒక నాలుగేళ్లు, చెట్లు ఒక పదహారు ఇరవై ఏళ్లు, మళ్లీ నరకడం. దీన్ని ఒక చక్రంగా వివరించినవాళ్లలో ముఖ్యులు ఆనబెల్ ఫోర్డ్, రోనాల్డ్ నై. ఫోర్డ్ 1983 నుంచి బెలీజ్-గ్వాటెమాలా సరిహద్దులోని ఎల్ పిలార్ అనే పాత నగరంలో పనిచేస్తున్న పురావస్తు శాస్త్రవేత్త. నై చియాపస్‌లో మాయా రైతులతో దశాబ్దాలు గడిపిన మానవశాస్త్రవేత్త.

ఈ దశలో నాకు అన్నిటికన్నా ఆశ్చర్యంగా అనిపించింది చియాపస్‌లోని లకాందోన్ అనే మాయా తెగ రైతులు చేసే పని. వాళ్లు వదిలే పొలంలో బాల్సా చెట్టు గింజలు చల్లుతారు, మొలకల్ని కాపాడతారు. బాల్సా మన బూరుగు కుటుంబానిదే, అతి వేగంగా పెరిగి, దళసరిగా ఆకు రాలుస్తుంది. లకాన్హా చాన్‌సాయాబ్ అనే ఊళ్లో స్టూవర్ట్ డీమాంట్, ఆయన సహచరులు మట్టిని కొలిచి చూశారు. బాల్సా నీడన మట్టిలో సేంద్రియ పదార్థం పెరుగుతోంది, పంటకు చేటుచేసే నులిపురుగుల మీదా ప్రభావం కనిపించింది. రైతులు ఆ సంగతి ముందే చెప్పారు, కొలతలు తర్వాత వచ్చాయి. ఊరికే ఉంచితే ఎలాగూ చెట్లు వస్తాయి కదా అనుకుంటాం. వస్తాయి, కానీ గడ్డి ముందు వచ్చి పాతుకుపోతే చెట్లు రావడానికి తరాలు పట్టొచ్చు. బాల్సా నీడ ఆ గడ్డిని ఎదగనివ్వదు.

ఇలా వేల ఏళ్లు కొట్టి, ఉంచి, నాటి, మళ్లీ కొడితే అడవి ఏమవుతుంది? ఉత్తర గ్వాటెమాలాలోని పెటెన్ తూర్పుభాగంలో, బెలీజ్ అడవుల్లో ఎక్కువగా కనిపించే చెట్ల జాబితా తీస్తే, దాదాపు అన్నీ మనిషికి పనికొచ్చేవే. రామోన్ ఉంది, పనస, రావి కుటుంబపు చెట్టు, గింజను ఉడికించి, దంచి తింటారు, ఆకు పశువులకు మేత. సపోటా ఉంది, పండు ఒకటే కాదు, కలప ఇనుములా ఉంటుంది, టికాల్ అనే పాత మాయా నగరపు గుళ్లలో ద్వారాల మీద వేసిన సపోటా దూలాలు పన్నెండు వందల ఏళ్లు దాటినా మిగిలాయి. దాని పాలే చికిలే. 20వ శతాబ్దం మొదటి సగంలో అమెరికా నమిలిన చూయింగ్ గమ్ చాలావరకు ఈ అడవి చెట్లకు గాట్లు పెట్టి తీసిన పాలతో చేసినదే. మనం సపోటా పండే తిన్నాం, బంకను గమనించనేలేదు. కాబట్టి ఈ అడవిని చేయి పడని అడవి అనడం కుదరదు. దీన్ని మనుషులు వదిలేసిన తోట అనేవాళ్లూ ఉన్నారు. నాకు మాత్రం 'వదిలేసిన' అన్న మాట దగ్గరే అభ్యంతరం.

ఇంటి చుట్టూ ఇంకో తోట ఉంటుంది. కర్రల మంచె మీద మట్టి పోసి నారు పెంచే కాన్‌చే, కోళ్లకు అందకుండా. చాయా అనే ఆకుకూర, ఆముదం కుటుంబానిది, ఉడికించకుండా తింటే విషం, ఉడికిస్తే గోంగూర పప్పు తినేవాళ్లు ఎవరైనా ఇష్టపడతారు. బోలు దుంగల్లో కుట్టని తేనెటీగల పెంపకం. ఈ ఈగను షూనాన్ కాబ్ అంటారు, స్పెయిన్ వాళ్లు రాకముందు నుంచీ పెంచుతున్నారు. ఈ ఈగల సంగతి మళ్లీ వస్తుంది.

ఇప్పుడు కొంచెం లెక్క. ఒక కుటుంబానికి ఏటా 5 ఎకరాల మొక్కజొన్న చాలనుకుందాం. ఒకచోట 4 ఏళ్లు సాగు, 16 ఏళ్లు చెట్లు. అంటే వాళ్ల కింద 25 ఎకరాలు ఉండాలి. ఎప్పుడు చూసినా 5 ఎకరాల్లో పంట, 20 ఎకరాల్లో రకరకాల వయసుల చెట్లు. ఇప్పుడు ఆ కుటుంబానికి 10 ఎకరాలే మిగిలాయనుకోండి. 4 ఏళ్లు సాగు, 4 ఏళ్లు విరామం. నాలుగేళ్లకు పొద తప్ప చెట్టు రాదు. తగలబెడితే బూడిద తక్కువ, కలుపు చావదు. కలుపు మందు కొంటారు. మందు కొడితే చిక్కుడు, గుమ్మడి చస్తాయి, మోడు చిగురు కూడా చస్తుంది. పదేళ్లలో అది గడ్డిభూమి. అప్పుడు ఒక అధికారి వచ్చి ఫొటో తీసి, ఈ పద్ధతి అడవికి శత్రువని రిపోర్టు రాస్తాడు. ఆయన రాసింది అబద్ధం కాదు, ఆ 15 ఎకరాలు ఎక్కడికి పోయాయో మాత్రం రిపోర్టులో ఉండదు.

ఇది వింటున్నప్పుడు మీ మనసులో పోడు మెదులుతూ ఉంటుందని తెలుసు. రెండూ ఒకటి కావు. మన తూర్పు కనుమల వాలు వేరు, వాన వేరు, పంటలు వేరు. కానీ కొండరెడ్లు కర్రతో పొడిచి జొన్న, సామ, కంది కలిపి విత్తడం, కొన్నేళ్లకు వేరే చోటికి కదలడం చూస్తే బంధుత్వం తెలుస్తుంది. దాని మీద పడ్డ నిందా ఒకటే. 1882 మద్రాసు అటవీ చట్టం రిజర్వు అడవుల్లో పోడును అడ్డుకుంది. 1922-24లో అల్లూరి సీతారామరాజు వెంట మన్యం కదలడానికి ఆ ఆంక్షలు ఒక ప్రధాన కారణమని మనకు బడి పుస్తకాల్లోనే ఉంది.

సరే, పాతకాలం సంగతికి వస్తాను. ఇక్కడ నేను కాస్త జాగ్రత్తగా మాట్లాడాలి, ఎందుకంటే ఈ పద్ధతి మీద ఇష్టంతో కొందరు చెప్పేది అతిగా ఉంటుంది. అడవిని నరికేశారనే కథకు ఆధారం పెటెన్ సరస్సుల అడుగు బురద. దాంట్లో ఒకకాలంలో చెట్ల పుప్పొడి తగ్గింది, గడ్డి, మొక్కజొన్న పుప్పొడి పెరిగింది. కొట్టుకొచ్చిన బంకమట్టి మందంగా పేరుకుంది. దీనికి ఫోర్డ్, నై ఇచ్చే జవాబు: సరస్సులో పడేది ముఖ్యంగా గాలికి ఎగిరే పుప్పొడి. ఆ అడవిలో చాలా చెట్లకు పరాగసంపర్కం తేనెటీగలు, గబ్బిలాల వల్ల జరుగుతుంది. ఆ చెట్లు ఉన్నా బురదలో ఆనవాలు పడదు. ఇది బలమైన మాటే. మట్టి కోత విషయంలో ఇంకో సంగతి: సాల్పెతెన్ సరస్సు బురదను పరిశీలించినప్పుడు కోత ఎక్కువగా జరిగింది క్రీ.శ. 250కి ముందు, జనాభా శిఖరానికి చేరకముందే అని తేలింది. తర్వాత జనం పెరిగినా కోత తగ్గింది. అంటే మొదట్లో నేలను పాడుచేసుకుని, తర్వాత నేర్చుకున్నారని నా ఊహ.

కానీ 2018లో వచ్చిన లైడార్ సర్వే ఫలితాలు పక్కన పెట్టలేం. విమానం నుంచి లేజర్ కిరణాలు పంపి, చెట్ల కింద నేల రూపం గీసే పద్ధతి ఇది. ఉత్తర గ్వాటెమాలాలో 2,144 చదరపు కిలోమీటర్లలో 61,480 కట్టడాలు బయటపడ్డాయి. దాన్నిబట్టి క్రీ.శ. 650-800 కాలంలో మాయా ప్రాంతపు నడిమి పల్లపు భూముల్లో 70 లక్షల నుంచి 1.1 కోట్ల మంది ఉండేవారని అంచనా వేశారు. వాళ్లు చిత్తడి నేలల్లో కాలువలు తవ్వారు, వాలుల్లో రాతి కట్టలు కట్టారు. బెలీజ్‌లోని కారకోల్ చుట్టుపక్కల కొండలన్నీ మెట్లు మెట్లుగా చెక్కినట్టే ఉంటాయి. ఎల్ సాల్వడార్‌లో, మాయా ప్రాంతపు ఆగ్నేయ అంచున, హోయా దె సెరెన్ అనే పల్లె సుమారు 1,400 ఏళ్ల కిందట అగ్నిపర్వతం బూడిద కింద పూడుకుపోయింది. పేసన్ షీట్స్ బృందం తవ్వితే మొక్కజొన్న కాడలు నిలబడ్డ ఖాళీలు బూడిదలో అచ్చులుగా దొరికాయి, ఇళ్ల పక్కన తోటలు దొరికాయి. 2007లో ఏకంగా బోదెలు తోలి వేసిన కర్రపెండలం పొలం దొరికింది. అది మిల్పా కాదు, ఏటా వేసే తోట పంటే.

కాబట్టి ఒక కోటి మందిని ఇరవై ఏళ్ల చక్రం ఒక్కటే పోషించిందని నేను చెప్పను. ఊరి దగ్గర తోట, పల్లంలో కాలువ పొలం, వాలులో మెట్ల చేను, దూరాన మిల్పా, అన్నీ కలిసి నడిచాయి. తొమ్మిదో శతాబ్దం ప్రాంతంలో దక్షిణాది నగరాలు ఖాళీ కావడానికి వరుస కరువులు, రాజుల యుద్ధాలు ఎంత కారణమో, నేల ఎంత కారణమో ఇంకా వాదన నడుస్తూనే ఉంది. యుకటాన్‌లోని చిచాన్‌కనాబ్ సరస్సు బురదలో ఆ కాలపు కరువు ఆనవాళ్లు స్పష్టంగా ఉన్నాయి. గమనించాల్సింది ఒకటి. రాజులు, గుళ్లు, కాలువలు పోయాక కూడా మిల్పా మిగిలింది. కాలువ పొలానికి పెద్ద జనం, పెద్ద పాలన కావాలి. మిల్పాకు ఒక కుటుంబం, పొరుగు సాయం చాలు.

ఈకాలపు కొలతలేమంటున్నాయి? 2023లో షాన్ డౌనీ బృందం దక్షిణ బెలీజ్‌లోని రెండు కెక్చీ మాయా గ్రామాల అడవిని డ్రోన్లతో పరిశీలించి ఫలితాలు ప్రచురించింది. అసలు నరకని అడవిలో కన్నా, మరీ ఎక్కువ నరికిన చోట కన్నా, ఊరి ఆనవాయితీ ప్రకారం ఓ మోస్తరు ముక్కలుగా నరికిన చోట చెట్ల వైవిధ్యం ఎక్కువగా కనిపించింది. ఆ మోస్తరు కొలత ఎలా వస్తుంది? ఆ ఊళ్లల్లో నరకడానికి, విత్తడానికి ఒకరికొకరు కూలి లేకుండా సాయం పోతారు. ఎవరైనా మరీ పెద్ద ముక్క నరుకుదామనుకుంటే సాయానికి ఎవరూ రారు. అటవీ శాఖ గీత గీయక్కర్లేదు, పొరుగువాడి ముఖమే గీత.

ఇక ఇప్పుడు దెబ్బ ఎక్కడ తగులుతోందంటే, చెప్పడానికి చాలా ఉన్నాయి. మెక్సికోలో ఎహీదో అనే ఉమ్మడి భూములను 1992 రాజ్యాంగ సవరణ అమ్మకానికి వీలయ్యేలా చేసింది. 1970లలో మొదలైన కాన్‌కూన్ సముద్రతీర పర్యాటక హోటళ్లు కుర్రాళ్లను లాక్కున్నాయి, నిప్పు పెట్టడం నేర్పే పెద్దవాళ్లకు నేర్చుకునేవాళ్లు కరువయ్యారు. పశువుల మేతభూములు, ఆ మధ్య 1,500 కిలోమీటర్ల పైచిలుకు రైలు మార్గం. వీటిలో ఒక కథ మాత్రం కాస్త వివరంగా చెబుతాను.

కంపెచే రాష్ట్రంలో ఓపెల్‌చెన్ ప్రాంతం తేనెకు పేరు. 2012లో మెక్సికో ప్రభుత్వం అక్కడ సహా పలు రాష్ట్రాల్లో జన్యుమార్పిడి సోయా వేయడానికి మొన్సాంటో అనే విత్తనాల కంపెనీకి అనుమతిచ్చింది. సోయాకు చదునైన పెద్ద భూములు కావాలి, అంటే హుబ్చే మొత్తం బుల్డోజర్ కిందికే. మందుల పిచికారీతో ఈగలు చస్తాయి. పైగా అంతకుముందు ఏడాదే యూరప్ న్యాయస్థానం జన్యుమార్పిడి పుప్పొడి ఉన్న తేనెకు ప్రత్యేక అనుమతి కావాలని తీర్పిచ్చింది, యుకటాన్ తేనె ఎక్కువగా పోయేది యూరప్‌కే. షూనాన్ కాబ్ ఈగలను పెంచే లేడీ పెక్ అనే మాయా మహిళ, తోటివాళ్లు కోర్టుకెక్కారు. 2015 నవంబరులో సుప్రీంకోర్టు, స్థానిక ప్రజలను సంప్రదించకుండా ఇచ్చిన అనుమతి చెల్లదంది. 2017లో అనుమతే రద్దయింది. ఆమెకు 2020లో గోల్డ్‌మాన్ పర్యావరణ బహుమతి వచ్చింది. దొంగచాటు విత్తనం, అడవి నరకడం అయితే ఆగిపోలేదు.

అడవిని కాపాడతామని వచ్చినవాళ్లు కూడా అన్నిసార్లూ మేలు చేయలేదు. 1972లో మెక్సికో ప్రభుత్వం 66 లకాందోన్ కుటుంబాలకు ఆరు లక్షల హెక్టార్లకు పైగా అడవి రాసిచ్చింది. వినడానికి గొప్పగా ఉంటుంది. అదే అడవిలో ఉంటున్న వేలాది త్సెల్తాల్, చోల్ మాయా రైతులు ఒక్క సంతకంతో ఆక్రమణదారులయ్యారు, ఆ తర్వాత కలప పోయింది ప్రభుత్వ కంపెనీకి. ఆ గొడవల వేడి ఇంకా చల్లారలేదు. గ్వాటెమాలాలో ఇంకో తీరు: 1990లో ఏర్పడిన మాయా జీవావరణ రిజర్వులో వాషాక్తున్, కార్మెలీతా లాంటి ఊళ్లకు అడవి నిర్వహణ హక్కులిచ్చారు. చికిలే, రామోన్, షాతే అనే అలంకరణ ఆకు, పరిమితంగా కలప తీసుకుంటారు. అక్కడ అడవి నష్టం చాలా తక్కువ, పక్కనే ఏ సాగూ ఉండకూడదని గీత గీసిన జాతీయ పార్కుల్లో మాత్రం పశువుల ఆసాములు దూరిపోయారు.

చివరిగా చట్టం సంగతి. బెలీజ్‌లో టొలెడో జిల్లా మాయా గ్రామాలు దశాబ్దాలు పోరాడాక, 2015 ఏప్రిల్‌లో కరేబియన్ న్యాయస్థానం వాళ్ల ఆచార భూమి హక్కు ఆస్తి హక్కేనని ఖరారు చేసింది. ఇప్పుడు సర్వేయర్లు హద్దులు గీయాలి. గీయడం దగ్గరే పేచీ. పంట ఉన్న భూమి అందరికీ కనిపిస్తుంది. తాత నరికిన, మనవడు నరకబోయే పదహారేళ్ల హుబ్చేని ఏ గడిలో రాయాలి? సాగుభూమి అంటే అటవీ శాఖ ఒప్పుకోదు, అడవి అంటే రైతు హక్కు పోతుంది.

మన 2006 అటవీ హక్కుల చట్టం కింద 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్న భూమికి, కుటుంబానికి గరిష్ఠంగా 4 హెక్టార్ల వరకు పట్టా ఇస్తారు. హక్కు లేని చోట హక్కు వచ్చింది, దాన్ని తక్కువ చేయను. కానీ పట్టా అంటే ఒక సర్వే నంబరు, నాలుగు హద్దులు. ఏటా అక్కడే విత్తాలి. చట్టంలోనే సామూహిక అటవీ వనరుల హక్కు అని ఇంకో వీలుంది, ఊరంతా కలిసి అడవిని చూసుకునేది. దాని కింద వచ్చిన అర్జీలు ఎన్ని, ఇచ్చిన పత్రాలు ఎన్ని అనేది తెలిసిన, మన రెండు రాష్ట్రాల్లో పనిచేస్తున్న మిత్రులు ఇక్కడే ముందు వరుసలో కూర్చున్నారు. నాకన్నా వాళ్లు బాగా చెబుతారు, మైకు వాళ్లకిస్తాను.